ప్రింటర్ మేడ మీద, ల్యాప్‌టాప్ కింద: ఇంట్లో షేరింగ్ పెట్టుకునే పద్ధతి

మా ఇంట్లో ప్రింటర్ ఒక్కటే, అడిగేవాళ్లు నలుగురు. విశాఖ పెదవాల్తేరులో మాది రెండంతస్తుల ఇల్లు. మేడ మీద గదిలో నేను పదో తరగతి, ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. డెస్క్‌టాప్, ప్రింటర్ అక్కడే ఉంటాయి. కింద మామయ్యగారు, ఆయన ల్యాప్‌టాప్. మావారివి స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు, పాపది ఇంజినీరింగ్. ప్రింటర్ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. దీనికి వైఫై లేదు, యూఎస్‌బీ తీగ ఒక్కటే దిక్కు. 12ఏ టోనర్ ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఇస్తారు, ప్రింటు ముత్యాల్లా వస్తుంది, కాబట్టి దాన్ని మార్చే ఉద్దేశం నాకు లేదు. ఇలాంటి ఇంట్లో పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కే పని ఎలా తప్పించుకోవాలో రాస్తున్నాను. మెనూల పేర్లన్నీ విండోస్ 11వి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. దాంట్లో కూడా పని ఇదే, మెనూలు మాత్రం కొంచెం అటూ ఇటూగా ఉంటాయి.

ముందే ఒక విషయం. దీని మీద వీడియోలు చాలానే ఉన్నాయి. సగం వాటిలో మొదటి సలహా ఒకటే: పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేసేయండి, అంతా సాఫీగా వచ్చేస్తుంది అని. వచ్చేస్తుంది, నిజమే. మా ఇంట్లో అయితే రేపటి పరీక్ష పేపర్ కూడా వచ్చేస్తుంది. సాయంత్రం బ్యాచ్‌లో కూర్చున్న ప్రతి పిల్లాడి జేబులో ఒక ఫోన్ ఉంది, అందరికీ మా వైఫై కావాలి. అందుకని నేను చెప్పే పద్ధతిలో తాళాలు ఏవీ తీయం. షేరింగ్ కోసం ఒక ఖాతా విడిగా తెరుస్తాం, అందరూ దాంతోనే లోపలికి వస్తారు. పది నిమిషాల పని ఎక్కువవుతుంది, అంతే.

అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా?

షేరింగ్ రాలేదని నన్ను పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల తప్పు షేరింగ్ మెనూలో లేదు, రూటర్ల దగ్గర ఉంది. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఒక బాక్స్ పెడతారు, దాంట్లోనే వైఫై ఉంటుంది. మేడ మీదికి సిగ్నల్ అందదు. మనం ఇంకో రూటర్ కొని, ఆ బాక్స్ నుంచి తీగ లాగి పైన పెట్టుకుంటాం. ఇంటర్నెట్ రెండు చోట్లా బాగానే వస్తుంది కాబట్టి అంతా సరిగా ఉందనుకుంటాం. కానీ పై రూటర్ తనదంటూ వేరే నెట్‌వర్క్ సృష్టించుకుంటుంది. కింది ల్యాప్‌టాప్‌కి పైన ఉన్న డెస్క్‌టాప్ అందదు.

తెలుసుకోవడం తేలిక. రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస చూడండి. ఒకదాంట్లో 192.168.1.7, ఇంకోదాంట్లో 192.168.1.12 ఉంటే రెండిళ్లూ ఒకే వీధిలో ఉన్నట్టు. ఒకదాంట్లో 192.168.1.7, రెండోదాంట్లో 192.168.0.5 అని మూడో అంకె మారిపోతే, మామూలు ఇళ్ల రూటర్లలో అవి వేర్వేరు నెట్‌వర్క్‌లు. అక్కడ ఆగి ముందు దాన్ని సరిచేయాలి. లేకపోతే కింద చెప్పేదంతా దండగ.

పై రూటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే ఇలా చేయండి. ముందు ఆ రూటర్‌కి మెయిన్ బాక్స్ వరుసలోనే, ఇంకెవరూ వాడని అడ్రస్ ఇవ్వండి, 192.168.1.2 లాంటిది. తర్వాత దాంట్లో డీహెచ్‌సీపీ, అంటే యంత్రాలకు అడ్రస్‌లు పంచే పని, ఆఫ్ చేయండి. చివరగా కింది నుంచి వచ్చిన తీగను ఇంటర్నెట్ తీగ కోసం ఉండే వ్యాన్ (WAN) రంధ్రంలోంచి తీసి, కంప్యూటర్లు తగిలించే ల్యాన్ (LAN) రంధ్రంలో పెట్టండి. ఈ వరుస తప్పకండి. అడ్రస్ మార్చకుండా డీహెచ్‌సీపీ ఆపేస్తే ఆ రూటర్ పేజీ మళ్లీ తెరవడానికి తంటాలు పడాలి.

పిల్లలకు గెస్ట్ వైఫై ఇవ్వండి. దాని మీదున్న ఫోన్‌కి ఇంటర్నెట్ వస్తుంది, ఇంట్లోని కంప్యూటర్లు అందవు. ఇది మెయిన్ బాక్స్‌లోనే పెట్టండి. యాక్సెస్ పాయింట్‌గా మార్చిన కొన్ని రూటర్లలో గెస్ట్ అనే పేరే తప్ప మధ్యలో అడ్డుగోడ ఉండదు. నమ్మకం కోసం మీ ఫోన్‌ని గెస్ట్‌కి కలిపి, షేరింగ్ అంతా అయ్యాక డెస్క్‌టాప్ అడ్రస్ తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకోకూడదు. ఇంట్లోవాళ్ల ల్యాప్‌టాప్ పొరపాటున గెస్ట్‌లో ఉండిపోతే దానికీ ఏమీ అందదు. అలాగే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. ఒకే రూటర్‌వి అయితే సాధారణంగా రెండూ ఒకే నెట్‌వర్క్.

తీగ గురించి సముద్రం ఒడ్డునున్నవాళ్లకు ఒక మాట. ఇక్కడి ఉప్పుగాలికి ఏ లోహమూ ఆగదు, నెట్‌వర్క్ తీగ కొసనున్న పిన్నులూ అంతే. తీగలో నాలుగు జతలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి. ఒక జత పాడైతే చాలాసార్లు కనెక్షన్ పోదు, వేగం మాత్రం 100 మెగాబిట్లకు పడిపోతుంది. పెద్ద ఫైళ్లు ఉన్నట్టుండి నత్తనడక పడితే సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ కింద లింక్ స్పీడ్ చూడండి. 1000 బదులు 100 ఉంటే కొస కత్తిరించి కొత్త కనెక్టర్ కొట్టించండి.

ప్రైవేట్ అని చెప్పాలి

కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ 11 దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కేస్తుంది, అంటే రైల్వేస్టేషన్ వైఫైతో సమానంగా. అప్పుడు ఇతర కంప్యూటర్ల నుంచి తనను దాచేసుకుంటుంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ కనెక్షన్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ప్రైవేట్ నెట్‌వర్క్ ఎంచుకోండి. తీగతో కలిపి ఉంటే వైఫై బదులు ఈథర్నెట్ కింద చూడండి. రెండు కంప్యూటర్లలోనూ చేయండి.

తర్వాత అదే నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్. పబ్లిక్ కింద రెండూ ఆఫ్. ఆల్ నెట్‌వర్క్స్ కింద పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్‌లోనే ఉండనివ్వండి. పాత విండోస్‌లో షేరింగ్‌కి వాడిన హోమ్‌గ్రూప్ ఎక్కడ అని వెతక్కండి. దాన్ని 2018లోనే విండోస్ 10లోంచి తీసేశారు.

కంప్యూటర్ పేరు కూడా ఇప్పుడే మార్చుకోండి: సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్, రీనేమ్ దిస్ పీసీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పేరు అక్షరాలు, అంకెలు కలిసి నోటికి పట్టదు. ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, 15 అక్షరాలు దాటకుండా ఏదైనా పెట్టండి. మాది మేడపీసీ. పేరు పెట్టాక రీస్టార్ట్ చేయాలి.

అందరికీ కలిపి ఒక ఖాతా

ఎక్కువమంది ఇరుక్కుపోయేది ఇక్కడే. పక్క కంప్యూటర్‌ని తెరవబోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. మనం రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొడతాం. ససేమిరా అంటుంది. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం, నెట్‌వర్క్ మీదుగా చెల్లదు. మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ కొట్టాలి, అది ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటాం. గుర్తున్నా, మన మెయిల్ తెరుచుకునే పాస్‌వర్డ్‌ని ఇంట్లో ప్రతి యంత్రంలో భద్రపరచడం నాకు నచ్చదు.

అందుకే డెస్క్‌టాప్‌లో ఒక లోకల్ ఖాతా తెరవండి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. మెయిల్ అడుగుతుంది. ఈ మనిషి సైన్ ఇన్ వివరాలు నా దగ్గర లేవు అనే లింకు నొక్కి, తర్వాతి తెరలో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా యూజర్‌ని చేర్చు అనేది ఎంచుకోండి. పేరు ఇల్లు అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలితే మామూలుగా నెట్‌వర్క్ మీదుగా లోపలికి రానివ్వదు. ఖాతా రకం స్టాండర్డ్ యూజర్‌గానే ఉండాలి, అడ్మినిస్ట్రేటర్ చేయొద్దు. ఈ ఖాతాతో ఎవరూ డెస్క్‌టాప్ ముందు కూర్చుని లాగిన్ కానక్కర్లేదు.

ఫోల్డర్లు

డెస్క్‌టాప్ తెర మీదున్న ఫోల్డర్నో, డాక్యుమెంట్స్‌నో షేర్ చేయకండి. అవి మీ యూజర్ ఫోల్డర్ లోపల ఉంటాయి, దారి చాంతాడంత అవుతుంది. పైగా వన్‌డ్రైవ్ వాటిని ఆన్‌లైన్‌కి కూడా లాక్కెళ్తుండవచ్చు. డి డ్రైవ్ ఉంటే అందులో కొత్త ఫోల్డర్లు చేయండి. మా ఇంట్లో మూడు ఉన్నాయి. ఇంటివి అనే దాంట్లో బిల్లులు, ఆధార్ కాపీలు, పాప ఫీజు రసీదులు. ఫోటోలు అనేది చూడటానికి మాత్రమే. పేపర్లు అనే మూడోదాంట్లో నా ప్రశ్నపత్రాలు ఉంటాయి, దాన్ని షేర్ చేయనే చేయను. ఇల్లు ఖాతాకి దాని జోలే లేదు.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్. అక్కడ షేర్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ అని రెండు బటన్లు. మొదటిది నొక్కండి. జాబితాలోంచి ఇల్లు ఖాతాని ఎంచుకుని యాడ్ చేసి, పక్కన రీడ్ లేదా రీడ్/రైట్ పెట్టండి. జాబితాలో ఎవ్రీవన్ అని కూడా ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. మొదటి బటనే ఎందుకంటే, విండోస్‌లో ఫోల్డర్‌కి రెండు తాళాలు. ఒకటి షేరింగ్‌ది, రెండోది సెక్యూరిటీ ట్యాబ్‌లో ఉండే ఫైళ్ల అనుమతి. రెండింట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. షేర్ బటన్ రెండింటినీ ఒకేసారి సరిచేస్తుంది. అడ్వాన్స్‌డ్‌లో మొదటి తాళం మాత్రమే తీసి, అనుమతి ఇచ్చాను కదా, ఎందుకు తెరుచుకోదని తల పట్టుకున్నవాళ్లను చూశాను.

రీడ్/రైట్ ఇచ్చిన ఫోల్డర్ విషయంలో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి: పక్క కంప్యూటర్ నుంచి డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. పోయిందంటే పోయినట్టే. ఫోటోలకు రీడ్ మాత్రమే ఇవ్వడానికి కారణం అదే. పాప చిన్నప్పటివి, హుద్‌హుద్ తుపాను మర్నాడు మా వీధిలో తీసినవి అన్నీ దాంట్లోనే ఉన్నాయి. వాటికి విడిగా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఇంకో కాపీ ఉంది. షేరింగ్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకూడదు.

ఇప్పుడు కింది ల్యాప్‌టాప్. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో వెనక్కి వాలిన గీతలు రెండు పెట్టి కంప్యూటర్ పేరు కొట్టండి: \\మేడపీసీ. ఇక్కడ తెలుగులో రాశాను కానీ మీరు పెట్టిన ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. యూజర్‌నేమ్ అడిగినప్పుడు మేడపీసీ\ఇల్లు అని ముందు కంప్యూటర్ పేరుతో సహా ఇవ్వండి. ఒట్టి ఇల్లు అంటే కొన్నిసార్లు తన దగ్గరే ఆ ఖాతా వెతుక్కుంటుంది. రిమెంబర్ మై క్రెడెన్షియల్స్ టిక్ పెట్టండి. ఫోల్డర్లు కనిపించాక ఇంటివి మీద రైట్ క్లిక్ చేసి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ అంటే, అది జెడ్ డ్రైవ్‌గా దిస్ పీసీలో కూర్చుంటుంది. మామయ్యగారికి నెట్‌వర్క్ అన్న మాటతో పనిలేదు. "అమ్మా, జెడ్‌లో పెట్టాను చూడు" అంటారు, నేను పైన తీసి చూస్తాను.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ నొక్కితే డెస్క్‌టాప్ కనిపించలేదని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కనిపించకపోవడం వేరు, అందకపోవడం వేరు. పేరు కొడితే తెరుచుకుంటే చాలు. కనిపించి తీరాలంటే డెస్క్‌టాప్‌లో సర్వీసెస్ తెరిచి, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే దాన్ని ఆటోమేటిక్ చేయండి. పాస్‌వర్డ్ సరైనదే కొట్టినా తిప్పి పంపుతుంటే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ చూడండి. విండోస్ క్రెడెన్షియల్స్ కింద పాతది దాచుకుని ఉంటుంది. దాన్ని తీసేసి రీస్టార్ట్ చేస్తే దారికొస్తుంది.

ప్రింటర్

డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్. ప్రింటర్‌ని నొక్కి ప్రింటర్ ప్రాపర్టీస్. ఒట్టి ప్రాపర్టీస్, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ వేరు, వాటిలో ఇది దొరకదు. షేరింగ్ ట్యాబ్‌లో షేర్ దిస్ ప్రింటర్ టిక్ పెట్టి, ఖాళీలు లేని చిన్న పేరు ఇవ్వండి. మాది హెచ్‌పీ1020.

కింది ల్యాప్‌టాప్‌లో మళ్లీ \\మేడపీసీ తెరిస్తే ఫోల్డర్ల పక్కన ప్రింటర్ బొమ్మ ఉంటుంది. రెండుసార్లు నొక్కితే డ్రైవర్ తెచ్చుకుని కలిసిపోవాలి. అదృష్టం బాగుంటే అంతే.

బాగులేకపోతే రెండు రకాల అడ్డంకులు వస్తాయి. 2021లో విండోస్ ప్రింటింగ్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద కన్నం బయటపడింది. అప్పటి నుంచి పక్క కంప్యూటర్ నుంచి ప్రింటర్ డ్రైవర్ దించుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతోంది. అది ఇచ్చేస్తే సరి. రెండోది, అదే ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్ల తర్వాత మొదలైన, చివర 11బి అని ఉండే ఎర్రర్. దీనికి విండోస్ లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేయమని దొరికిన చోటల్లా రాసి ఉంటుంది. ఆ సున్నా అంటే అప్‌డేట్ పెట్టిన రక్షణను మనమే పీకేయడం. నేను చేయను, మిమ్మల్నీ చేయమనను. ముందు రెండు కంప్యూటర్లకూ అప్‌డేట్లన్నీ వేయండి. అప్పటికీ రాకపోతే ఈ దారి పట్టండి.

ల్యాప్‌టాప్‌లో ముందు డ్రైవర్‌ని హెచ్‌పీ సైట్ నుంచి తెచ్చి ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ డివైస్ నొక్కి, కాసేపాగితే యాడ్ మాన్యువల్లీ అని వస్తుంది. వచ్చిన జాబితాలో అన్నిటికన్నా కిందిది, లోకల్ ప్రింటర్‌ని మాన్యువల్ సెట్టింగ్స్‌తో చేర్చేది ఎంచుకోండి. క్రియేట్ ఎ న్యూ పోర్ట్, రకం లోకల్ పోర్ట్. పోర్ట్ పేరు అడిగినప్పుడు \\మేడపీసీ\హెచ్‌పీ1020 అని పూర్తి దారి కొట్టండి. ఆపై జాబితాలోంచి మీ ప్రింటర్ డ్రైవర్ ఎంచుకోండి. ప్రింటర్ తనకే తగిలించి ఉందని ల్యాప్‌టాప్ అనుకుంటుంది, పేజీలు మాత్రం పైకి పోతాయి. నేనైతే మొదటి పద్ధతి ఒకసారి మొరాయించగానే ఇందులోకి వచ్చేస్తాను.

డెస్క్‌టాప్ నిద్రపోతే ప్రింటరూ పోయినట్టే, ఫోల్డర్లూ పోయినట్టే. సెట్టింగ్స్, సిస్టమ్, పవర్‌లో తెర ఆరిపోవడానికి పది నిమిషాలు పెట్టి, స్లీప్ మాత్రం నెవర్ చేయండి. రాత్రంతా నడపక్కర్లేదు, ట్యూషన్ అయ్యాక నేను ఆపేస్తాను. కరెంటు పోయినా పని ఆగకూడదంటే డెస్క్‌టాప్‌తో పాటు ఫైబర్ బాక్స్ కూడా ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూసుకోండి.

మీది స్కానర్ కూడా ఉన్న ప్రింటర్ అయితే ఒకటి గమనించండి. విండోస్ షేరింగ్‌తో ప్రింటింగ్ మాత్రమే పంచుకోగలం, స్కానింగ్ రాదు. పైనే స్కాన్ చేసి ఇంటివి ఫోల్డర్‌లో సేవ్ చేయడం తేలిక. వైఫై ఉన్న ప్రింటర్ కొన్నవాళ్లకు ఈ విభాగం మొత్తం అక్కర్లేదు. దాన్ని రూటర్‌కి కలిపి, రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ కింద ఎప్పుడూ ఒకే అడ్రస్ వచ్చేలా చేస్తే ప్రతి యంత్రమూ నేరుగా దానితోనే మాట్లాడుతుంది. అలాంటి ప్రింటర్లలో కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి, వాటికి 5 పేరున్న వైఫై కనిపించదు.

ఇంకొకటి, ఇది ఏ సెట్టింగ్‌లోనూ లేదు. మన ఊరి తేమకి ట్రేలో వదిలేసిన కాగితం మెత్తబడి అంచులు వంగుతుంది, తర్వాత ఇరుక్కుంటుంది. వానాకాలంలో కావలసినన్ని కాగితాలే ట్రేలో పెట్టి, మిగతా కట్టను కవర్లోనే ఉంచుతాను. కింది నుంచి ప్రింట్ ఇచ్చినప్పుడు కాగితం ఇరుక్కుంటే నెట్‌వర్క్ పోయిందనుకుని గంట వెతుకుతారు.

ఫోన్లు

ఐఫోన్‌లో ఫైల్స్ యాప్ తెరిచి మూడు చుక్కల్లో కనెక్ట్ టు సర్వర్ అని ఉంటుంది. డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్, ఇల్లు ఖాతా ఇస్తే చాలు. ఆండ్రాయిడ్‌లో సీఎక్స్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లాంటి యాప్ వేసుకుని, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎస్‌ఎంబీ ఎంచుకోవాలి, విండోస్ షేరింగ్ నడిచే పద్ధతి పేరు అది. టీవీలో వీఎల్‌సీ ఉంటే వీడియోలు అందులోనే తెరుచుకుంటాయి. ఫోన్లకు పేరు కన్నా ఐపీ అడ్రస్ నమ్మకం, అందుకని డెస్క్‌టాప్‌కి కూడా రూటర్‌లో రిజర్వేషన్ పెట్టండి. యూఎస్‌బీ ప్రింటర్‌ని విండోస్ షేర్ చేస్తే ఫోన్‌కి కనిపించదు. మావారు ఫోన్‌లోంచి పీడీఎఫ్‌ని ఇంటివిలో పడేస్తారు, పైన ఎవరుంటే వాళ్లు ప్రింట్ తీస్తారు.

ఈ యాప్‌లలోనో, పాత హార్డ్‌డిస్క్ బాక్సుల సూచనల్లోనో ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమని కనిపిస్తే చేయకండి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వ్యాపించింది ఆ పాత వెర్షన్‌లోని కన్నం గుండానే. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్తగా వేసుకున్న విండోస్‌లో దాన్ని పెట్టడమే మానేశారు. ఎస్‌ఎంబీ1 తప్ప ఇంకేదీ రాని పెట్టె ఉంటే, అందులోని ఫైళ్లు డెస్క్‌టాప్‌లోకి ఎక్కించుకుని పెట్టెకి సెలవివ్వండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ నడుస్తుంటే ఇంటి ఫోల్డర్లు అందకపోవచ్చు. అది ఆఫీసు వాళ్లు కావాలని పెట్టింది, దానితో కుస్తీ పట్టకండి. వేరే కంపెనీ యాంటీవైరస్ వేసి ఉంటే దానికి తనదైన ఫైర్‌వాల్ ఉంటుంది. అందులో కూడా ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా గుర్తు పెట్టాలి.

అంతా కుదిరాక డెస్క్‌టాప్‌లో స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ చూడండి. షేర్స్‌లో మీరు పెట్టినవే ఉండాలి. చివర డాలర్ గుర్తు ఉన్నవి, ప్రింటర్ కోసం వచ్చే ప్రింట్ డాలర్‌తో సహా, విండోస్ తనకోసం పెట్టుకున్నవి, వాటిని వదిలేయండి. సెషన్స్‌లో ఇప్పుడు ఎవరు లోపల ఉన్నారో, ఏ ఖాతాతో వచ్చారో కనిపిస్తుంది. మా పాప స్నేహితురాలికి పాస్‌వర్డ్ చెప్పేసిందని నాకు తెలిసింది అక్కడే. ఖాతా విడిగా ఉంది కాబట్టి దాని పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి, ఇంట్లో యంత్రాల్లో కొత్తది కొట్టాను.